రొయ్య కౌంటు తెలిసినవాళ్ళకి ఈ డిగ్రీ ఏం చేస్తుంది?

నలభైకి అటూ ఇటూ ఉన్న మనవాళ్ళ ఫోన్లలో ఈమధ్య ఒకటే ప్రకటన: ఉద్యోగం మానక్కర్లేదు, ఊరు కదలక్కర్లేదు, ఇంటర్నేషనల్ బిజినెస్‌లో మాస్టర్స్ చేసేయండి. అట్లాంటాలో టెస్టింగ్ లీడ్‌కీ అదే, కావలిలో రొయ్యల మేత కంపెనీ మేనేజర్‌కీ అదే. ఇద్దరికీ ఒకేలా పనికొస్తుందంటే మాత్రం మేం ఒప్పుకోం. సరుకుతోనో, సరుకు కాగితాలతోనో ఇప్పటికే సంబంధం ఉన్నవాళ్ళకి ఈ చదువు దండిగా పనికొస్తుంది. పేరు పక్కన ఎంబీఏ చేరితే ప్రమోషన్ దానంతటదే వస్తుందనుకునేవాళ్ళకి డబ్బు దండగ.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఇందులో ఒక అడుగు ముందే పడి ఉంది. రొయ్య, గ్రానైట్, పొగాకు మూడూ బయటిదేశాల ధర మీద బతికే సరుకులే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. సుంకం, ఓడ బాడుగ, డాలర్ రేటు గట్టు మీది ధరని ఎలా కదిలిస్తాయో వరుసగా చెప్పగలిగినవాళ్ళు కంపెనీల్లో ఎంతోమంది లేరు. ఈ చదువు విలువంతా అక్కడే.

రొయ్య కౌంటే చూడండి. గట్టు మీద 40 కౌంట్ అంటే తలతో సహా కిలోకి 40, ఒక్కోటి 25 గ్రాములు. తల తీస్తే మూడో వంతుకు పైనే పోయి 16 గ్రాముల దాకా మిగులుతుంది. అమెరికాలో కొనేవాడు పౌండ్‌కి ఎన్నని చూస్తాడు. పౌండ్ అంటే 454 గ్రాములు, అందులో 28 పడతాయి, కాబట్టి ఆ సరుకు అక్కడ 26/30 గ్రేడు, అంటే పౌండ్‌కి 26 నుంచి 30. పొట్టు కూడా వలిస్తే గ్రేడు మళ్ళీ మారుతుంది, పైనున్న మంచు పూత బరువుది ఇంకో పేచీ. మన మేనేజర్‌కి ఈ లెక్క నోటికి వచ్చు. చిక్కల్లా కంటైనర్ సీలు పడ్డాక జరిగే వాటితోనే.

కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ)లో సరుకు పేరు ‘ఫ్రోజెన్ వన్నామీ ష్రింప్, హెడ్‌లెస్, షెల్ ఆన్’ అని ఉందనుకోండి. ఇక్కడి గుమాస్తా అలవాటుగా ఇన్‌వాయిస్‌లో ‘ఫ్రోజెన్ ప్రాన్స్’ అని కొట్టాడు. ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నిబంధనలు యూసీపీ 600 ప్రకారం ఇన్‌వాయిస్‌లోని సరుకు వివరం ఎల్‌సీతో సరిపోవాలి. లేకపోతే బ్యాంకు డిస్క్రెపెన్సీ, అంటే కాగితాల్లో తేడా ఉందని, రాస్తుంది. కాగితాలు చూడ్డానికి బ్యాంకుకి ఐదు పనిదినాలు, ఓడకెక్కించాక మనం కాగితాలు దాఖలు చెయ్యడానికి, ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే, 21 రోజులు. తప్పు దిద్ది మళ్ళీ పంపేలోపు ఆ గడువు దాటిపోతుంది. సరుకు బాగానే ఉంది, ఓడ వెళ్ళిపోయింది, డబ్బు మాత్రం రాదు. అప్పుడు కొనేవాడు తీరిగ్గా ధర తగ్గించమంటాడు.

గ్రానైట్‌లోనూ ఇదే తంతు. చీమకుర్తి గెలాక్సీ దిమ్మెగా వెళ్తే కస్టమ్స్‌లో 2516 కోడ్, పాలిష్ పలకగా వెళ్తే 6802, సుంకం వేరు. పలకలు కట్టే చెక్కకి లోపలి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలినట్టో, పొగ మందు పెట్టినట్టో ముద్ర ఉండాలి. లేకపోతే రాయి ఎంత నల్లగా మెరిసినా రేవులో ఆగాల్సిందే.

కోర్సు ఎంచుకునేటప్పుడు మేమైతే ముందు సిలబస్ చూస్తాం: ట్రేడ్ ఫైనాన్స్, లాజిస్టిక్స్, కస్టమ్స్, విదేశీ మారకం విడివిడి పేపర్లుగా ఉన్నాయా, చివరి ప్రాజెక్టుకి మన కంపెనీ ఫైలే తీసుకోనిస్తారా? నాయకత్వం, సంస్కృతి, వ్యూహం పేర్లతోనే పన్నెండు పేపర్లు నింపిన కోర్సులు బోలెడు. వాటిని వదిలేయండి.

వెసులుబాటు అనే మాటని మాత్రం గంటల్లో కొలవాలి. అమెరికా యూనివర్సిటీలు చదువుని కొలిచేది క్రెడిట్లలో, ఒక క్రెడిట్‌కి సుమారు 45 గంటల పని, క్లాసూ సొంత చదువూ కలిపి. మూడు క్రెడిట్ల పేపరంటే 135 గంటలు. 15 వారాల సెమిస్టర్ అయితే వారానికి తొమ్మిది గంటలు, 8 వారాల్లో ముగించే పద్ధతి అయితే పదిహేడు. ప్రకటనలో మెరిసేది ఈ రెండోదే, జనం సగంలో మానేసేదీ ఇక్కడే. లైవ్ క్లాసులుంటే ఇంకో తంటా. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడింటికి మొదలయ్యే క్లాసు కావలిలో చలికాలం తెల్లవారుజాము ఐదున్నర, వేసవిలో నాలుగున్నర. పంట పట్టే రోజుల్లో ఆ వేళకి మేనేజర్ చెరువు మీద ఉంటాడు. ఇక్కడ చదివేవాళ్ళు రికార్డు చేసిన పాఠాలున్న కోర్సే చూసుకోవాలి, గ్రూపు ప్రాజెక్టులు ఎన్నో ముందే అడగాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి డబ్బు దారి ఒకటుంది. కంపెనీ ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేదు. అది క్యాలెండర్ ఏడాది లెక్క కాబట్టి కోర్సు మొత్తం 36 క్రెడిట్లనుకుంటే, వాటిని మూడు క్యాలెండర్ ఏళ్ళకి సర్దుకుంటే 15,750 డాలర్లు కలిసొస్తాయి. కంపెనీ పాలసీ మొత్తం చదవండి. ఫలానా గ్రేడు రావాలనీ, చదివాక ఇన్నాళ్ళు ఉండాలనీ, ముందే వెళ్ళిపోతే తిరిగి కట్టాలనీ షరతులుంటాయి.

హెచ్-1బీ మీద పనిచేస్తూ చదువుకోవచ్చు, వాళ్ళ మీద ఆధారపడి హెచ్-4 మీద ఉన్నవాళ్ళూ చదవచ్చు. కానీ పూర్తి ఆన్‌లైన్ కోర్సుతో ఎఫ్-1 విద్యార్థి వీసా రాదు, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ రాదు. మాస్టర్స్ వాళ్ళకిచ్చే 20,000 హెచ్-1బీల కోటా మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఆ యూనివర్సిటీ ప్రభుత్వానిదో, లాభాపేక్ష లేనిదో అని రూఢి చేసుకోవాలి. లాభం కోసం నడిపే సంస్థ డిగ్రీ ఎంత బాగున్నా ఆ కోటాకి చెల్లదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి విదేశీ డిగ్రీయే కావాలని లేదు. విదేశీ వాణిజ్యం నేర్పడానికి 1963లో పెట్టిన ఐఐఎఫ్‌టీ పని చేసుకునేవాళ్ళ కోసం వేరే కోర్సులు నడుపుతోంది. వేరే ఎక్కడైనా ఆన్‌లైన్ డిగ్రీ అంటే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ ఏడాదికి, ఆ కోర్సుకి అనుమతి ఉందో లేదో చూడండి. యూనివర్సిటీ పేరుంటే చాలదు.

అసలు డిగ్రీయే అక్కర్లేని వాళ్ళూ ఉన్నారు. పనంతా ఎల్‌సీ కాగితాలే అయితే, ఆ పనికే ఇచ్చే సీడీసీఎస్ సర్టిఫికెట్ చాలు. అమెరికా పౌరసత్వం వచ్చినవాళ్ళు దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ కాగితాలు నడిపే కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష రాయొచ్చు: 80 ప్రశ్నలు, పాసవడానికి 75 శాతం. గ్రీన్‌కార్డ్ సరిపోదు.

చేరాలనుకుంటే మొదట కదిలించాల్సింది ట్రాన్‌స్క్రిప్టులు, అంటే పాత డిగ్రీ మార్కుల అధికారిక ప్రతులు. అవి కాలేజీ ఇచ్చేవి కావు, అనుబంధ యూనివర్సిటీ ఇవ్వాలి. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది 2008లో, అంతకుముందు డిగ్రీ చేసినవాళ్ళు తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీకి వెళ్ళాలి. ఒంగోలు వైపు పాత డిగ్రీలకి నాగార్జున యూనివర్సిటీ. బీటెక్ వాళ్ళకి నెల్లూరైతే జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలైతే కాకినాడ. 2008లో జేఎన్‌టీయూ విడిపోక ముందు పాసైతే హైదరాబాద్. పాత మార్కుల మెమోల జిరాక్సులు, ఫీజు రశీదు, మీ తరఫున వెళ్ళేవాళ్ళకి సంతకం చేసిన అధికార పత్రం ఇచ్చి పంపండి. కవరు మీద యూనివర్సిటీ సీలు పడిందో లేదో అక్కడే చూసుకోమనండి. పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేర్వేరుగా ఉంటే ఆ సంగతి దరఖాస్తుకి ముందే తేల్చుకోవాలి. సెప్టెంబర్‌లో చేరాలంటే ఫిబ్రవరిలోనే మనిషిని పంపాలి.