కొత్త కమిషన్ సరే, పిలిస్తే యజమాని వస్తాడా?

స్త్రీ పురుష సమానత్వం మాట రాగానే ఎవరో ఒకరు లేచి, దీనికో ప్రత్యేక సంస్థ కావాలంటారు. ప్రభుత్వాలకూ అది సుఖమైన పని. ఒక భవనం, ఒక చైర్‌పర్సన్, ఏటా మార్చి 8న ఒక సభ. నేను అడిగేది ఒక్కటే: ఆ సంస్థ నోటీసు పంపితే యజమాని కదలాల్సిందేనా, లేక చదివి పక్కన పడేయొచ్చా?

అమెరికాలో ఉద్యోగ వివక్షను చూసే ఈఈఓసీ (సమాన ఉద్యోగావకాశాల కమిషన్) 1964 పౌరహక్కుల చట్టంతో పుట్టి, 1965 జులైలో పని మొదలుపెట్టింది. మొదటి ఏడాది వచ్చిన ఫిర్యాదుల్లో సుమారు మూడో వంతు స్త్రీ పురుష భేదం మీదే. అయినా పత్రికలు ఉద్యోగ ప్రకటనలను మగవాళ్లకు ఒక వరుసలో, ఆడవాళ్లకు ఇంకో వరుసలో వేస్తుంటే మొదట్లో ఆ సంస్థే పోనిమ్మంది. ఎవరి మీదా దావా వేసే అధికారం దానికి లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చెయ్యాలి, అంతే. ఉత్సవ విగ్రహమన్నమాట. విసిగిన మహిళలు 1966లో ‘నౌ’ అనే సొంత సంఘం పెట్టుకుని వెంటపడ్డారు. ప్రకటనల విషయంలో వైఖరి 1968లో మారింది. దావా వేసే అధికారం 1972లో గానీ రాలేదు.

ఆ మధ్యలో ఓ తమాషా జరిగింది. 1970 చివర్లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ ఛార్జీలు పెంచుకుంటానని, వాటిని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ (ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్)ని అనుమతి అడిగింది. ఈఈఓసీ అక్కడికే వెళ్లి, ఉద్యోగుల పట్ల వివక్ష చూపే కంపెనీకి పెంపు ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టింది. తనకు లేని కోరలు పక్కవాళ్ల దగ్గర అరువు తెచ్చుకుంది! 1973 జనవరిలో కంపెనీ దిగివచ్చి, సుమారు కోటిన్నర డాలర్ల బకాయి జీతాలకు ఒప్పుకుంది. ఎఫ్‌సీసీ పేరులో సమానత్వం అనే మాటే లేదు. కంపెనీ ఆదాయం మాత్రం దాని చేతిలో ఉంది.

ఐస్‌లాండ్ 2018లో ఇంకో దారి పట్టింది. 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు సమాన పనికి సమాన జీతం ఇస్తున్నామని తామే రుజువు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలంది. తక్కువ జీతం తీసుకునే మనిషే ఫిర్యాదు చేసి, సాక్ష్యం తెచ్చి, ఆపైన అదే ఆఫీసులో పనిచేయాల్సిన బాధ కొంతైనా తగ్గింది.

అలాగని ప్రత్యేక సంస్థలే దండగ అనను. అన్ని శాఖలూ చూసుకుంటాయంటే ఏ శాఖా చూసుకోదు; లెక్కలు అడిగి విసిగించే మనిషి ఒకరు ఉండాలి. ఐక్యరాజ్యసమితి కూడా 2010లో నాలుగు విభాగాలను కలిపే యూఎన్ విమెన్‌ను ఏర్పాటు చేసింది. ఉన్నవాటిని కలిపి బలపరచవచ్చు, లేనిచోట కొత్తది పెట్టవచ్చు. ఏదైనా సరే, చట్టసభ చేసిన చట్టంతో, జీతాల పద్దులు తెప్పించుకునే హక్కుతో, కోర్టుకెక్కే అధికారంతో పెట్టాలి.

వైట్‌హౌస్‌లో జెండర్ పాలసీ కౌన్సిల్ 2021 మార్చి 8న అధ్యక్షుడి సంతకంతో పుట్టింది. 2025 జనవరి 20న తర్వాతి అధ్యక్షుడి సంతకంతో పోయింది. 1964 నాటి చట్టం మాత్రం ఇంకా ఉంది.