పీహెచ్‌డీ ప్రశ్న డిశ్చార్జి కౌంటర్ దగ్గరే ఉంది

ఉదయం పదింటికి రౌండ్స్‌లో డాక్టర్ గారు "ఇవాళ ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. ఆ మాట చెవిన పడగానే పేషెంట్ భార్య బట్టలు సర్దేసి, ఊరికి ఫోన్ చేసి కారు పంపమంటుంది. మధ్యాహ్నం మూడైనా మంచం ఖాళీ కాదు. డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి. దాని మీద సంతకం పెట్టాల్సిన డాక్టరేమో థియేటర్‌లో ఉంటారు. వాడని మందులు ఫార్మసీకి వాపసు వెళ్లాలి. ఇన్సూరెన్స్ కేసైతే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే ఏజెన్సీ) నుంచి ఫైనల్ అప్రూవల్ రావాలి. కింద ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద ఇంకొకరు అదే మంచం కోసం చూస్తుంటారు. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్ ఆసుపత్రుల్లో అడ్మినిస్ట్రేషన్ చూస్తున్నాను. ఇది నాకు రోజూ కనబడేదే. "సార్, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీహెచ్‌డీ చేయమంటారా?" అని జూనియర్లు అడిగిన ప్రతిసారీ ముందు ఆ మంచమే గుర్తొస్తుంది.

అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. నిమ్స్‌లోనో, అపోలో ఇన్‌స్టిట్యూట్‌లోనో ఎంహెచ్ఎం (హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్) చేసినవాళ్లు, సెంట్రల్ యూనివర్సిటీలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ చేసినవాళ్లు ఎనిమిది పదేళ్ల సర్వీసు తర్వాత ఒక మెట్టు దగ్గర ఆగిపోతారు. మెడికల్ సూపరింటెండెంట్ కుర్చీ ఎంబీబీఎస్ చదివినవాళ్లది. మిగతావాళ్లం ఆపరేషన్స్ హెడ్ దాకా వెళ్తాం. పేరు ముందు డాక్టర్ అని ఉంటే మీటింగులో మన మాట చెల్లుతుందన్న ఆశ అక్కడ పుడుతుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను, నాకూ ఉండేది. కానీ కేవలం దాని కోసమే మొదలుపెట్టినవాళ్లు మూడో ఏడాదికి అలసిపోవడం కళ్లారా చూశాను.

నిబంధనలు కొంచెం తెలిసి ఉండాలి. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022 రెగ్యులేషన్స్ ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు, ఆసుపత్రి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. 2024 నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతో చేర్చుకునే పద్ధతి వచ్చింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రానివాళ్లకు నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. చిక్కేమిటంటే నెట్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అని విడిగా సబ్జెక్టే లేదు. మేనేజ్‌మెంట్ పేపరో, సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ పేపరో రాయాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, రోజూ చేసే పనితో పెద్దగా సంబంధం లేని సిలబస్ చదవడం ఎంత టెన్షనో చదివినవాళ్లకే తెలుస్తుంది.

ఆ టెన్షన్ తట్టుకోలేక కొందరు "ఇంటి నుంచే రెండేళ్లలో డాక్టరేట్" ప్రకటనల వైపు వెళ్తారు. విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. నాకు తెలిసిన ఒక నర్సింగ్ సూపరింటెండెంట్ అప్పు చేసి ఫీజు కట్టింది, సర్టిఫికెట్ కూడా వచ్చింది. కాలేజీలో ఉద్యోగానికి వెళ్తే అది చెల్లదన్నారు. ఆమె ఇప్పటికీ ఆ అప్పు తీరుస్తోంది.

సరైన యూనివర్సిటీలో సీటు వచ్చాక కూడా అసలు నష్టం టాపిక్ దగ్గర జరుగుతోంది. నా దగ్గరికి సలహాకు వచ్చే సినాప్సిస్‌లలో (పరిశోధన ప్రతిపాదనల్లో) ఎక్కువ భాగం "రోగుల సంతృప్తి" మీదే. ఐదు గళ్ల ప్రశ్నాపత్రం, కొన్ని వందల మంది పేషెంట్లు, చివర కొన్ని పట్టికలు. ఒకసారి వార్డులో అలాంటి ఫారం నింపిస్తుంటే పక్కనే ఉన్నాను. సిస్టర్ అక్కడే నిలబడి ఉంది. సెలైన్ చేతితో పెన్ను పట్టుకున్న ముసలావిడ తలెత్తి "ఏ గడిలో పెడితే మీకు మంచిది బాబూ?" అని అడిగింది. ఆ పట్టికల నుంచి ఏం తేలుతుందో ఆవిడ ఒక్క ప్రశ్నలో చెప్పేసింది.

మరి ఏం అడగాలి? 2024 మేలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక నిబంధన పెట్టింది: డిశ్చార్జికి ఆసుపత్రి రిక్వెస్ట్ పంపిన 3 గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. కానీ ఆ గడియారం మొదలయ్యేది రిక్వెస్ట్ వెళ్లాకే. అంతకుముందు మన ఆసుపత్రిలోపలే పోయే గంటల మాటేమిటి? అవి ఏ టేబుల్ దగ్గర పోతున్నాయి?

ఇంకా పెద్ద ప్రశ్న ఆరోగ్యశ్రీది. 2007లో మొదలైన పథకం ఇది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. ఆపిన రోజు వార్త అయింది. ఆపకముందు నెలల తరబడి ఏం జరిగిందన్నది ఎవరికి పట్టింది? బిల్లు ఆలస్యమైతే జిల్లాలోని యాభై పడకల ఆసుపత్రి ముందు దేనికి కోత పెడుతుంది? నర్సుల జీతానికా, సిరంజిల్లాంటి డిస్పోజబుల్స్‌కా, ఆరోగ్యశ్రీ అడ్మిషన్లకా? దీన్ని అకౌంట్స్ పుస్తకాల్లోకి దిగి తేల్చగలిగేది లోపల పనిచేసేవాళ్లే. బయటి నుంచి వచ్చే పరిశోధకుడికి ఆ పుస్తకం తెరిచి చూపించరు.

లోపలివాళ్లకూ తేలిగ్గా చూపించరు, అదీ నిజమే. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నా, పేర్లన్నీ తీసేస్తామన్నా "డేటా బయటకు పోతే ఎలా?" అని మేనేజ్‌మెంట్ జంకుతుంది. నా విషయంలో ఒక ఆసుపత్రి ఏడు నెలలు తిప్పి చివరికి కాదంది. గైడ్లతో ఇంకో ఇబ్బంది. కామర్స్, మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లలో చాలామందికి వార్డు తెలియదు. ఆసుపత్రి నుంచి అర్హులైన ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకోవడానికి నిబంధనల్లో దారి ఉంది, అడిగేవాళ్లే తక్కువ. డేటా ఇస్తామని ఎన్‌వోసీలోనే రాయించుకోవడం కూడా చేరకముందే కావాలి, చేరాక ఎవరూ రాసివ్వరు.

గత నెల మా జూనియర్ ఒకమ్మాయి వందపేజీల నోట్‌బుక్ తెచ్చి చూపించింది. తన ఫ్లోర్‌లో డిశ్చార్జయిన ప్రతి పేషెంట్‌కూ ఏ కాగితం ఎన్నింటికి ఎక్కడికి వెళ్లిందో మూడు వారాలు చేత్తో రాసుకుంది. సమ్మరీ దగ్గర ఆలస్యమని మేమంతా అనుకునేవాళ్లం. ఆమె రాతలో ఎక్కువసేపు ఆగింది మందుల వాపసు దగ్గర. మధ్యాహ్నం షిఫ్టులో మూడు ఫ్లోర్లకు కలిపి ఒక్కడే వార్డు బాయ్. "సార్, ఇది పీహెచ్‌డీకి సరిపోతుందా?" అంది. కో-గైడ్ కోసం మా పాత మెడికల్ సూపరింటెండెంట్ గారికి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.