కాళ్ళు కాదు, కళ్ళు

మా అత్తగారు కావలి నుంచి మద్రాసు పెరంబూరు వచ్చి మూడేళ్ళు. పగటిపూట చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన తమిళ అమ్మాయి పనిమంతురాలు, ఓర్పున్న పిల్ల. ఓ పొద్దున ఈవిడ "కళ్ళు తిరుగుతున్నాయే అమ్మాయ్" అంటే, దానికి 'కాల్', అంటే తమిళంలో కాలు, అని వినబడి, కొబ్బరినూనె తెచ్చి మోకాళ్ళు మర్దన చేసింది. తగ్గిందా పాట్టీ అంటే ఈవిడ మొహమాటానికి "పరవాలేదు" అన్నారు. బాత్రూముకని లేచి పడిపోయారు. తుంటి దక్కింది, మణికట్టు విరిగింది.

తప్పు ఆ పిల్లది కాదు. పడుకున్న మనిషి లేచి నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు పడిపోవడం ఈ వయసులో, అందులోనూ బీపీ మాత్రలు వాడేవాళ్ళలో, తరచూ చూసేదే. కాసేపు మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్ళు ఆడించమని, ఆ తర్వాతే నిలబెట్టాలి. ఆ సంగతి దానికి తెలుసు. తెలియనిది ఆ తెలుగు మాటే.

మనిషిని పెట్టుకునేటప్పుడు జీతమెంత, రాత్రిళ్ళు ఉంటుందా అని అడుగుతాం. 3 ఏళ్ళ జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా చదివిన నర్సా, పని చేస్తూ నేర్చుకున్న అటెండరా అని కూడా అడగం. ఇక భాషంటారా, మద్రాసులో తెలుగూ తమిళమూ ఎలాగోలా అర్థమైపోతాయని ధీమా. అవుతాయి, కూరగాయల బేరం దాకా. షుగరున్న మనిషి "అరికాళ్ళు తిమ్మిరి" అంటే తమిళ చెవికి 'తిమిర్' అని వినబడుతుంది. అంటే పొగరు!

అంతకన్నా భయపడాల్సింది మాట తడబడినప్పుడు. నిన్నటిదాకా బాగున్నావిడ ఇవాళ ఎప్పుడో పోయిన అక్కను పిలుస్తుంటే అది చాదస్తం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండచ్చు, కొత్త మాత్ర కావచ్చు, నాలుగు రోజుల మలబద్ధకమూ కావచ్చు. జ్వరం ఉండాలనేం లేదు. రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే పెద్దవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గి ఇలా అవడానికి మద్రాసు మే నెల ఒక్కటి చాలు. కానీ తెలుగు రాని పిల్లకు ఆవిడ తెలివిగా మాట్లాడినా, పలవరించినా ఒకేలా వినబడుతుంది.

మంచం పట్టినవాళ్ళను రెండు మూడు గంటలకోసారి ఒత్తిగిలించడానికి భాష అక్కర్లేదు. మడమల దగ్గర చర్మం రంగు మారితే కంటికే కనిపిస్తుంది.

గిండీలో 2024లో 200 పడకలతో వృద్ధుల కోసం జాతీయ కేంద్రం తెరిచారు, సంతోషమే. అక్కడా డాక్టరుకు జవాబు చెప్పేది వెంట వెళ్ళిన మనిషే కదా.

మన తెలుగు సంఘం ఉగాదికి కొనే శాలువాల్లో రెండు తగ్గించి ఒక కాగితం అచ్చు వేయించాలంటాను. గుండెదడ, ఆయాసం, సలుపు, పోటు, వికారం లాంటి మాటలు తమిళ లిపిలో, పక్కనే అర్థం. మా ఫ్రిజ్ మీద అలాంటిదే అంటించాం. చివరి మాట ఆ అమ్మాయే రాసుకుంది. 'పరవాలేదు' అని రాసి, ఎదురుగా 'నంబక్కూడాదు', నమ్మకూడదు, అని.