బొటనవేలికి క్లీన్ చిట్

బొమ్మ హెలికాప్టర్ కూలిన ప్రతి ఇంట్లోనూ విచారణ జరుగుతుంది. అందులో దోషిగా తేలేది ఎప్పుడూ హెలికాప్టరే. బ్యాటరీ నాసిరకమని, రెక్కలు మరీ పలచనని, యంత్రాన్ని నిలకడగా ఉంచే గైరో ఉన్నా లేనట్టేనని సాక్ష్యాలు వెల్లువెత్తుతాయి. రిమోట్ మీద రెక్కల వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ స్టిక్‌ను పట్టుకొని ఉన్న బొటనవేలిని మాత్రం కనీసం సాక్షిగానైనా పిలిచేవారు ఉండరు. ఆడలేక మద్దెల ఓడనడం మన ఇళ్ల విమానయాన శాఖకు అధికారిక విధానమైపోయింది.

ఆ వేలి నేరచరిత్రను పరిశీలిద్దాం. యంత్రం గోడను తాకబోతున్న క్షణంలో థ్రాటిల్‌ను పూర్తిగా దించేయాలని సూచనల కాగితం చెబుతుంది. పడిపోతున్న దానిని పైకి లేపాలన్న దయాగుణం కొద్దీ వేలు అప్పుడే స్టిక్‌ను చివరిదాకా తోస్తుంది. సోఫా కింద రెక్కలు ఇరుక్కొని కదలలేకపోతున్నా మోటారుకు కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, అది వేడెక్కి కాలిపోతుంది, లేదా ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోతాయి. అటుపై దానిని తయారీ లోపంగా నమోదు చేస్తారు.

జాగ్రత్తపరులైన పైలట్లది మరో తరహా ఘనత. ఎత్తుకు పోతే ప్రమాదమని వారు యంత్రాన్ని నేలకు జానెడు ఎత్తులోనే నిలపాలని చూస్తారు. రెక్కలు కిందికి తోసిన గాలి నేలకు కొట్టుకొని చెదిరి, యంత్రాన్ని ఎక్కువగా తూలించేది సరిగ్గా అక్కడే. తడబడకుండా రెండు మూడు అడుగులకు లేపితే అది కుదుటపడుతుంది. ఇది విని ఉత్సాహం పెరిగినవారు పైకప్పు దాకా వెళ్తారు. అక్కడ రెక్కలకూ కప్పుకూ మధ్య గాలి పీడనం తగ్గి యంత్రం పైకి లాగబడుతుందని, కప్పుకున్న ఫ్యాన్‌ను ముందే ఆపి ఉండవలసిందని తరువాత తెలుసుకుంటారు. ముక్కు మన వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతిని కూడా కర్టెన్లే బోధిస్తాయి.

మరమ్మతు విభాగం పనితీరు ఇంకా ప్రశంసనీయం. ఈ బొమ్మల్లో చాలావాటికి ఒకే ఇరుసు మీద రెండు జతల రెక్కలు ఎదురెదురు దిశల్లో తిరుగుతూ, ఒకదాని మెలితిప్పును మరొకటి రద్దు చేస్తాయి. అందువల్లనే మొండెం గిరగిరా తిరగకుండా నిలుస్తుంది. పై రెక్కను కింద, కింది రెక్కను పైన బిగించి, యంత్రానికి ఎగరాలన్న పట్టుదల లేదని తేల్చే నిపుణులు ఉన్నారు. మరలను బలమంతా పెట్టి బిగించడం మరొక సేవ. నిజానికి రెక్కలు కాస్త వదులుగా, ఇటూ అటూ ఆడేలా ఉండాలి. తిరిగే వేగానికి అవే తిన్నగా సర్దుకుంటాయి. ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలను తీయడాన్ని మాత్రం ఎవరూ మరమ్మతుగా గుర్తించరు.

బ్యాటరీ విషయంలో వ్యంగ్యం కొంచెం తగ్గించుకోవాలి, ఎందుకంటే ఈ బొమ్మల్లో వాడే బ్యాటరీ రకమైన లిథియం పాలిమర్‌కు హాస్యప్రియత్వం లేదు. పూర్తిగా నిండినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు చూపుతుంది. 3 వోల్టుల కిందికి దించితే దెబ్బతింటుంది. ఎగిరి వచ్చిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకూడదు, పెట్టి నిద్రపోకూడదు, చాలాకాలం వాడనప్పుడు సగం నింపి దాచాలి. ఉబ్బిన బ్యాటరీని బలిసిందని మురిసిపోకుండా, గుచ్చకుండా, నొక్కకుండా పక్కన పెట్టి, బ్యాటరీలను సేకరించే చోట అప్పగించాలి.

ఆరుబయట ఎగరేద్దామనుకునేవారికి ప్రకృతి స్వయంగా అడ్డు చెబుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ సంకేతాలు ఎండలో తేలిపోతాయి, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్‌కు ఆ బాధ లేకపోయినా, ఇంత తేలికపాటి యంత్రాన్ని పిల్లగాలి కూడా పొరుగింటికి బదిలీ చేయగలదు.

కనుక ఒక సంస్కరణను ప్రతిపాదిస్తున్నాము. ఇలాంటి చాలా పెట్టెల మీద 14 ఏళ్లు దాటినవారికే అని ముద్రిస్తున్నారు. కింది హద్దు మాత్రమే పెట్టి పై హద్దును వదిలేయడం వల్ల, పిల్లవాడి పేరిట కొన్న యంత్రాన్ని సూచనల కాగితం విప్పకుండానే తొలుత నడిపే హక్కు పెద్దలకు దఖలు పడుతోంది. కాగితాన్ని చదివి సంతకం చేసేవరకూ రిమోట్‌ను పిల్లవాడి స్వాధీనంలోనే ఉంచాలి.