పేరు మూడుసార్లు ఎందుకు అడుగుతారు?

గత నెలలో నాన్నకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు ఆయన పేరు అడిగింది, ఏ కన్నో అడిగింది, కనుబొమ పైన మార్కర్‌తో గుర్తు పెట్టింది. కాసేపటికి ఇంకొకరు వచ్చి మళ్లీ అవే ప్రశ్నలు. మూడోసారి అడిగేసరికి నాన్నకు చిరాకొచ్చింది. "ఇందాకే చెప్పాను కదమ్మా, ఇంత మతిమరుపైతే ఎలా?" అన్నారు. మతిమరుపు ఎవరికైనా వస్తుందని ఒప్పుకున్నారు కాబట్టే అన్నిసార్లు అడుగుతున్నారని ఆ టెన్షన్‌లో ఆయనకు చెప్పలేకపోయాను.

ఈ పద్ధతి విమానాల నుంచి వచ్చింది. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని డేటన్ దగ్గర బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్ పైకి లేచిన వెంటనే కూలిపోయింది. ఇంజిన్లు బాగానే ఉన్నాయి. నేల మీద ఉన్నప్పుడు తోక రెక్కలు గాలికి కొట్టుకోకుండా వేసే లాక్ తీయడం మరిచిపోయారు, అంతే. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ ఎంతో అనుభవజ్ఞుడు. ఆయనా, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ కూడా ప్రాణాలు కోల్పోయారు. పైలట్లకు ఇంకా శిక్షణ ఇవ్వాలని ఎవరైనా అనేవారే. దానికి బదులు ఒక చెక్‌లిస్ట్ తయారైంది, అంటే ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సిన పనుల పట్టిక.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకూ 19 అంశాల చెక్‌లిస్ట్ ఇచ్చింది. రోగి ఎవరు, కోత ఎక్కడ, యాంటీబయాటిక్ ఇచ్చారా, చివర్లో పరికరాలు, దూది లెక్క సరిపోయిందా, ఇలాంటివి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది.

2014లో కెనడాలోని ఒంటారియో నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 101 ఆస్పత్రులు, రెండు లక్షలకు పైగా ఆపరేషన్లు. చెక్‌లిస్ట్ వచ్చాక కూడా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక్కడే చాలామంది "ఈ సైంటిస్టుల మాట ఎప్పుడూ ఇంతే" అని పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం ఇక్కడే ఆగి చదవాలంటాను. మొదటి అధ్యయనం అవే ఆస్పత్రుల్ని ముందూ తర్వాతా చూసింది, పోల్చడానికి చెక్‌లిస్ట్ వాడని ఆస్పత్రులు లేవు. ఒంటారియోలో చెక్‌లిస్ట్ ప్రభుత్వం అడిగిన లెక్కగా వచ్చింది. ఫారం మీద టిక్కు పడినంత మాత్రాన థియేటర్‌లో అందరూ చేతులాపి విన్నారని కాదు. 2017లో అమెరికాలోని సౌత్ కరోలినా ఫలితం వచ్చాక ఈ అనుమానం నాకు బలపడింది. అక్కడ తమంతట తాము ముందుకొచ్చి, సిబ్బందిని కూర్చోబెట్టి నేర్పించుకుని చెక్‌లిస్ట్ కార్యక్రమం పూర్తి చేసిన 14 ఆస్పత్రుల్లో మరణాలు 3.38 శాతం నుంచి 2.84కి దిగాయి. మిగతాచోట్ల తగ్గలేదు. ముందుకొచ్చినవి అసలే శ్రద్ధ ఉన్న ఆస్పత్రులు కావచ్చు, ఆ మాటా ఒప్పుకోవాలి. అయినా ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసినంత, మొదటి అంకెను పట్టుకుని కూర్చుంటే తెలిసేది కాదు.

వచ్చే నెల నాన్నకు ఎడమ కన్ను. ఈసారి ముందే చెప్పి ఉంచాను, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పండి, అడగకపోతే మీరే చెప్పండి అని.