బటన్ నొక్కడం నేర్పారు, పేరు రాయడం ఎవరు నేర్పుతారు?

మొన్న ఒక ఆఫీసులో జనం దరఖాస్తులు ఎక్కించే కొత్త సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ జరుగుతుంటే వెనక వరసలో కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఎక్కడ క్లిక్ చేయాలి, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చేయాలి, రిపోర్టు ఎలా తీయాలి, ఇవే. మధ్యాహ్నం ఒక ఉద్యోగిని లేచి, "సార్, పుట్టిన తేదీ తెలీకపోతే ఏం వేయాలి?" అని అడిగింది. "ఖాళీగా వదిలితే సేవ్ అవదమ్మా, జనవరి 1 వేసేయండి" అన్నాడు ట్రైనర్. హాల్లో అందరూ రాసుకున్నారు.

నాకు గుండె చివుక్కుమంది. పింఛను వచ్చేది వయసును బట్టే కదా. మనం ఊహించి వేసిన తేదీ రేపు ఒక ముసలాయనకు నెలల తరబడి పింఛను దూరం చేయగలదు. ఊహించి వేశామన్న సంగతి మాత్రం ఆ రికార్డులో ఎక్కడా ఉండదు.

తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి కథ అందరికీ తెలిసిందే. 2020 అక్టోబర్ 29న మొదలై, 2025 ఏప్రిల్ 14న కొత్త పోర్టల్ భూభారతికి చోటిచ్చేదాకా రైతులు పడ్డ తిప్పల్లో పాత రికార్డుల తప్పులూ ఉన్నాయి, కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు దొర్లినవీ ఉన్నాయి. ఇదేదో మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2020 అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి ఎక్కలేదు. ల్యాబ్ ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో పోశారు, అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి, మిగతావి రాలిపోయాయి. ఎక్సెల్ వాడటం వాళ్లకు రాక కాదు. దాని హద్దు ఎక్కడుందో చూసుకోలేదు.

ముందు సాఫ్ట్‌వేర్ అలవాటు కానివ్వండి, తప్పుడు ఎంట్రీలను సిస్టమే ఆపుతుంది అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే, మొబైల్ నంబర్ తొమ్మిదంకెలుంటే ఆపుతుంది. ఫోన్ లేని అవ్వ దరఖాస్తులో సిబ్బంది తన సొంత నంబరే కొట్టేస్తే? పది అంకెలూ సరిగ్గా ఉంటాయి, ఏ సిస్టమూ ఆపదు. ఆ ఉద్యోగి బదిలీ అయ్యాక అవ్వ ఓటీపీ ఏ ఊరికి వెళ్తుంది?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పేరు. తెలుగులో లక్ష్మి అంటే లక్ష్మే. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ఒకరు 'కేఎస్‌హెచ్' వేస్తారు, ఇంకొకరు 'ఎక్స్' వేస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరం. ఆధార్‌లో ఒక లక్ష్మి, బ్యాంకులో ఇంకో లక్ష్మి, పట్టాదారు పాసుపుస్తకంలో మూడో లక్ష్మి. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చేదే 6 వేలు, అదీ మూడు విడతల్లో. పేరు కలవలేదని ఒక విడత ఆగితే, కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆవిడే. తెలుగు రాష్ట్రాల్లో ఏ ఫారంలోనైనా మొదటి గడి తెలుగులో పేరుకే ఉండాలని నా పట్టుదల. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కార్డు చూసి ఎక్కించాలి, చెవితో విని కాదు. మన భాషలో మన పేరు నిలబడని డేటాబేస్ మనదెలా అవుతుంది?

అందుకే శిక్షణలో మొదటి గంట కంప్యూటర్ ఆన్ చేయొద్దు. తలా ఇరవై నమూనా దరఖాస్తులు చేతికివ్వండి, కొట్టివేతలతో, సగం నింపినవి. ఒకరు నింపింది పక్కవాళ్లు సరిచూడాలి. తేదీ తెలీకపోతే 'తెలీదు' అని రాయనివ్వండి. ఫారంలో ఆ గడి లేకపోతే ట్రైనర్ అప్పుడే ఫోన్ తీసి, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లతో మాట్లాడి పెట్టించాలి.