తొమ్మండుగురిలో నేనూ ఒకణ్ణి

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే మా సంఘంలో ఏమి వినబడుతుందో నాకు ముందే తెలుసు. ఒకరి కుమారుడికి అమెరికా వీసా వచ్చి ఉంటుంది, ఒకరి స్థలం రిజిస్ట్రేషన్ పూర్తయి ఉంటుంది, ఇంకొకరి కుమార్తెకు క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఉద్యోగం దొరికి ఉంటుంది. మైకు చేతికి రాగానే "ప్రభువు నామమున అందరికీ వందనాలు" అని మొదలుపెట్టి, ప్యాకేజీ ఎన్ని లక్షలో కూడా చెప్పి, కృతజ్ఞత కానుక కవరు పాస్టరు గారి చేతిలో పెట్టి కూర్చుంటారు. ఇందులో తప్పేమీ లేదు. మేలు పొందినవాడు నోరు విప్పి చెప్పవలసిందే. అయితే ఇరవై ఏళ్లుగా ఈ సాక్ష్యాలు వింటూ, అప్పుడప్పుడూ చెబుతూ వచ్చిన మనిషిగా, మనం కృతజ్ఞత అని పిలుచుకుంటున్న దానిలో ఎంత భాగం నిజంగా కృతజ్ఞతో నాకు అనుమానంగా ఉంది. ఈ అనుమానం ఇతరుల మాటలు విని పుట్టలేదు, నా సాక్ష్యం నుంచే పుట్టింది.

రెండేళ్ల కిందట నవంబరులో మా నాన్నగారికి గుండె ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆయనది ఓ నెగటివ్ రక్తం. ఆసుపత్రిలో ఒక్క యూనిట్ మాత్రమే ఉందనీ, మిగిలినది మీరే చూసుకోవాలనీ సాయంత్రం ఆరు గంటలకు చెప్పారు. బంధువుల గ్రూపులోనూ సంఘం వాట్సాప్ గ్రూపులోనూ సందేశం పెట్టాను. "ప్రార్థిస్తున్నాము" అంటూ చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో మాల, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులు లేవు. ఎవరి నుంచో ఎవరికో చేరిన సందేశం చూసి, సాయంత్రం పూజ ముగించుకుని, నలభై కిలోమీటర్లు బండి మీద వచ్చాడు. రక్తం ఇచ్చాక నేను కూల్‌డ్రింక్ సీసా అందించబోతే, "దీక్షలో ఇలాంటివి తీసుకోను స్వామీ, కొబ్బరి బోండాం అయితే ఫర్వాలేదు" అన్నాడు. ఆ వేళప్పుడు బోండాం దొరకలేదు. మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తరువాత నేను మైకు పట్టుకుని, ఎక్కడా దొరకని రక్తాన్ని దేవుడు అద్భుతరీతిగా సమకూర్చాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. ఆ వాక్యంలో అబద్ధం ఏమీ లేదు. ఆ కుర్రాడు కూడా లేడు. నల్లబట్టల సంగతి చెబితే సాక్ష్యం పలుచబడుతుందని నా మనసులో ఎక్కడో తోచి ఉండాలి. లేకపోతే మెడలో మాలతో సహా గుర్తున్న మనిషిని అంత శుభ్రంగా ఎలా వదిలేస్తాను?

లూకా సువార్త 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల వృత్తాంతం మనకు ఆదివారపు బడి నుంచే కంఠతా వచ్చు. తొమ్మండుగురూ కృతఘ్నులని మనకు నేర్పారు కానీ, వాళ్లు యేసు చెప్పిన పనే చేశారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. యాజకులకు కనబరచుకోండని ఆయన పంపాడు, వాళ్లు వెళ్లారు. విధేయతలో లోపం లేదు, బహుశా మందిరంలో అర్పించవలసినది కూడా అర్పించే ఉంటారు. వెళుతుండగానే పదిమందీ బాగయ్యారు. ఒక్కడు మాత్రం దారి మధ్యలో ఆగి, వెనక్కి నడిచి వచ్చి, మేలు చేసినవాని పాదాల దగ్గర సాగిలపడ్డాడు. వాడు సమరయుడు, యూదులు పరాయివాడిగా చూసే జాతివాడు. "ఈ అన్యుడు తప్ప" అని యేసు అన్న మాట మన తెలుగు బైబిలులో ఎంత పదునుగా పడిందో గమనించండి. మన సంఘాల్లో 'అన్యులు' అనే మాటను మనం రోజూ ఎవరిని ఉద్దేశించి, ఏ గొంతుతో వాడుతున్నామో తెలిసినవారికి ఆ వచనం చదువుతూ తల ఎత్తడం కష్టం. నా విషయంలో వ్యవహారం మరీ తలకిందులైంది: మేలు చేసినవాడే 'అన్యుడు', తిరిగి వెళ్లని తొమ్మండుగురిలో బాప్తిస్మం పొందిన నేను.

కృతజ్ఞత అనే మాటలోనే ఈ లెక్క ఉంది. కృతం అంటే చేయబడినది, జ్ఞత అంటే ఎరిగి ఉండడం. ఎవరు, ఎప్పుడు, ఏమి చేశారో తెలిసి ఉండాలి. "దేవుడు గొప్ప కార్యం చేశాడు" అన్న ఒక్క వాక్యంలో డాక్టర్లనూ, నర్సులనూ, రాత్రంతా దుప్పట్లు మార్చిన ఆయానూ, అప్పు ఇచ్చిన పక్కింటివారినీ కలిపేస్తే, దేవుని పేరు చెప్పి మనుషుల బాకీ ఎగ్గొట్టినట్టే అవుతుంది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మన పెద్దలు అన్నది దీన్నే. మనం తగలేసేటప్పుడు స్తోత్రగీతం కూడా పాడుతున్నాము, అంతే తేడా. తెలుగిళ్లలో భార్యకో తల్లికో 'థాంక్స్' చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందని నాకూ తెలుసు. ఆ ఎబ్బెట్టుతనాన్ని అడ్డం పెట్టుకుని, చెప్పకపోయినా వాళ్లకు తెలుసులే అని మగవాళ్లం చాలా కాలం గడిపేశాము. హోటల్లో బిర్యానీ ముందు అర నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థించే కుటుంబాలు, ఆ పళ్లెం తెచ్చిపెట్టిన కుర్రాడి ముఖం కూడా చూడకుండా "బాబూ, ఉల్లిపాయలు" అనడం నేను గమనించాను. వాటిలో మా కుటుంబమూ ఉంది.

మా అమ్మమ్మ వేరే రకం మనిషి. తెనాలి దగ్గరి పల్లెలో ఆమె వంటింట్లో పొయ్యి పక్కన ఒక పాత డాల్డా డబ్బా ఉండేది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజూ వేసేది, ఎసట్లో పోసేవే చాలని రోజూ వేసేది. ఆదివారం ఆ డబ్బాను కొంగు చాటున పట్టుకెళ్లి గుడిలో గోనెసంచిలో ఒంపేది. ఆ బియ్యం అయ్యగారి ఇంటికీ, ఊళ్లో ఇద్దరు ముగ్గురు విధవరాళ్లకూ చేరేవి. మిజోరం సంఘాల్లో దీనినే 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారనీ, అక్కడ 1910 నుంచి ఈ గుప్పెళ్ల మీదే ఎంతో సేవ నడుస్తోందనీ నేను పెద్దయ్యాక చదివాను. అమ్మమ్మకు మిజోరం ఎక్కడుందో తెలియదు. రాత్రి ప్రార్థనలో ఆమె చెప్పే స్తుతుల్లో ఊరు ఊరంతా ఉండేది: మజ్జిగ పోసిన కాపు ఇల్లాలు, పురుడు పోసిన మంత్రసాని, వానలో బండి ఆపి ఎక్కించుకున్న ముసలాయన, ఒక్కొక్కరూ పేరు పేరునా వచ్చేవారు. మేము నిద్రకు తూలుతూ, ఈ ప్రార్థన ఎప్పుడు అయిపోతుందా అని చూసేవాళ్లం.

లేవీయకాండము 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక చిత్రమైన నియమం ఉంది. మ్రొక్కుబడిగా అర్పించిన బలి మాంసాన్ని మరునాడు కూడా తినవచ్చు; కృతజ్ఞతగా అర్పించినదానిని మాత్రం ఆ రోజే తినాలి, ఉదయం వరకు మిగల్చకూడదు. ఒక పశువు మాంసాన్నీ, దానితో పాటు అర్పించిన రొట్టెలనూ ఒక్క ఇంటివాళ్లు ఒక్క పూటలో తినలేరు కాబట్టి, పిలవక తప్పదు, పంచక తప్పదు. నాకు అర్థమైనంతలో, కృతజ్ఞతను ఫ్రిజ్‌లో దాచుకోవడానికి వీలు లేకుండా చేసిన నియమం ఇది. మనం చేసే కృతజ్ఞతా కూడికల్లో భోజనాలు ఘనంగానే ఉంటాయి, అయితే పిలుపులు మాత్రం తిరిగి పిలవగలిగినవాళ్లకే వెళతాయి. ఇక కోత పండుగ వేలం సంగతి చెప్పనక్కరలేదు. కిందటేడు మా సంఘంలో ఒక గుమ్మడికాయ ఇద్దరు పెద్దమనుషుల పంతం మీద 4,000 రూపాయలు దాటింది. గుమ్మడికాయను పండించినవాడెవడో ఎవరూ అడగలేదు.

ఈ పంతం గురించి ఇంకొక మాట చెప్పాలి. యేసు చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, దేవాలయంలో చేసిన ప్రార్థనను అహంకారపు ప్రార్థన అంటాము. తెరచి చదివితే అది అక్షరాలా కృతజ్ఞతా ప్రార్థన: ఇతర మనుష్యులవలె, ఈ సుంకరివలె (పన్నులు వసూలు చేసేవానివలె) ఉండనందుకు "నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను." మనం పిల్లలకు నేర్పేది ఇదే కదా? అన్నం వదిలేస్తే తిండి లేని పిల్లలను చూపిస్తాము, చెప్పులు పాతవైపోయాయంటే కాళ్లు లేనివాడిని చూపిస్తాము. ఎదుటివాడి లేమిని చూసి మన కలిమికి స్తోత్రం చెప్పడం వినడానికి భక్తిగా ఉంటుంది, అందుకే అది మరింత ప్రమాదం.

నా సాక్ష్యం ముగిసిన ఆ ఆదివారమే గుడి బయట చెప్పులు వేసుకుంటుండగా ఒక అక్కయ్య పలకరించింది. ఆమె భర్తకు కూడా అదే నెలలో అలాంటి ఆపరేషనే జరిగింది. ఆయన ఇంటికి రాలేదు. "నాన్నగారు నడుస్తున్నారా తమ్ముడూ? దేవునికి స్తోత్రం," అంది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అంతకు పది రోజుల ముందు, పరామర్శకు వెళ్లిన మావాళ్లలో ఒకరు ఆమెకు "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్న వచనం చదివి వినిపించి, ఏడవవద్దని చెప్పి వచ్చారు. ఆ వచనాన్ని అలా వాడడం నాకు సమ్మతం కాదు. ఆ వచనం రాసిన అపొస్తలుడు పౌలు 'విషయమునందు' అన్నాడు. భర్త పోయినందుకు స్తోత్రం చెప్పమని ఆ మాటకు అర్థం లాగడం అన్యాయం. ఎఫెసీయులకు 5:20లో 'సమస్తమునుగూర్చి' అని కూడా ఉంది కదా అని పెద్దలు అడుగుతారని తెలుసు. అడగనివ్వండి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ముందు కన్నీళ్లు విడిచాడు, ఆ తరువాతే "తండ్రీ, నీవు నా మనవి వినినందున" అని కృతజ్ఞత చెప్పాడు. ఆ రెండింటి మధ్య ఎవరూ ఆయనకు వచనం వినిపించలేదు. 88వ కీర్తన చివరి వరకూ చీకటిలోనే ఉండి చీకటిలోనే ముగుస్తుంది, అయినా దానిని ఎవరూ బైబిలులోంచి తీసివేయలేదు. దుఃఖంలో ఉన్నవారు కృతజ్ఞత చెబితే అది వారి విశ్వాసం. పక్కవాళ్లు చెప్పించాలని చూస్తే అది దబాయింపు.

ఈ మధ్య మా యవనస్థులు రోజూ మేళ్లు రాసుకునే నోటుపుస్తకాలు పెట్టుకుంటున్నారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారం వారం మేళ్లను రాసుకున్నవారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. మంచిదే, నేనూ కొన్నాళ్లు రాశాను. 'వాన పడింది, కాఫీ బాగుంది' వంటివి పేజీల నిండా పేరుకున్నాయి. చిరునామా లేని ఉత్తరాలు రాస్తున్నట్టు అనిపించి, ఒక రోజు ప్రతి మేలు పక్కనా దాన్ని చేసిన మనిషి పేరు రాయడం మొదలుపెట్టాను. రక్తం దగ్గరికి వచ్చేసరికి పేరు తెలియలేదు.

పేరు కనుక్కోవడానికి నాలుగు ఫోన్లు చాలాయి, అంతా కలిపి గంట పట్టలేదు. ఆ గంటను వెచ్చించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. కిందటి నెలలో నాన్నగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కుర్రాడు మొదట నన్ను గుర్తుపట్టలేదు. సంగతి చెప్పాక "దానికేముందన్నా" అని సిగ్గుపడి, నాన్నగారికి కుర్చీ వేశాడు. వాళ్లమ్మ స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. నాన్నగారు గ్లాసు పట్టుకుని, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నారు. మామూలుగా ఆయన ఆహార ప్రార్థన రెండు వాక్యాలు దాటదు. ఆ రోజు కుర్రాడి పేరు చెప్పారు, అతడు వచ్చిన దూరం చెప్పారు, చెప్పులు లేని కాళ్ల సంగతి చెప్పారు, తల్లి పేరు మధ్యలో కళ్లు తెరిచి ఆమెనే అడిగి మళ్లీ మూసుకుని చెప్పారు. ఆయన ఆమేన్ అనే సరికి కాఫీ మీద మీగడ కట్టింది. ఆమె గ్లాసులన్నీ తీసుకుని, మళ్లీ వేడిచేసి తెస్తానంటూ లోపలికి వెళ్లింది.